బాబ్జీ చెప్పుల చక్రాలు

నిన్న అమలాపురంలో కారుకు పంక్చరు వేయిస్తుంటే సొల్యూషన్ వాసన గుప్పుమంది. పక్కనే ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి బాబ్జీ మీద పాత కోపం మళ్ళీ పొంగుకొచ్చింది.

నా చిన్నప్పుడు నాన్న కువైట్ నుంచి బొమ్మకారు పంపించారు. విడి ముక్కలన్నీ మనమే అతికించుకోవాలి. వెనక చక్రాలు పెద్దవి, ముందువి చిన్నవి. ఇంజనైతే మూత లేకుండా బయటికే కనబడేది. ఆ మూత బాబ్జీయే కొట్టేశాడనుకున్నాను. వాడేమో "ఇది ట్రాక్టరే!" అని వెక్కిరించి, తేలతాయో లేదో చూస్తానంటూ పెద్ద చక్రాలు రెండూ కాలవలోకి విసిరేశాడు.

కొత్తపేట బొమ్మల కొట్టుకెళ్ళాను.

"చక్రాలు మాత్రం ఇస్తారాండీ?"

"విడిగా రావు పాపా, కారు మొత్తం కొనుక్కోవాలి."

ఏడుపు దిగమింగుకుని ఇంటికొస్తే, గుమ్మంలో బాబ్జీ కొత్త హవాయి చెప్పులు కనబడ్డాయి. సీసా మూత పెట్టి గుండ్రంగా గీసి, ఒక్కో చెప్పు మడమలోంచి ఒక్కో చక్రం బ్లేడుతో కోశాను. పంక్చరు సొల్యూషన్‌తో కారుకు అతికించాను. చిల్లుల చెప్పులు పట్టుకుని వాడు లబోదిబోమన్నాడు.

"కాలవలో వేసి చూడు, తేలతాయేమో!" అన్నాను.

అలాంటి రేసు కార్లకు ఇంజను మీద మూత ఉండదని పెద్దయ్యాక తెలిసింది. పోనీలే, మూత సంగతి వదిలేశాను. చక్రాల సంగతి వదల్లేదు.

"అక్కా, ఈ టైర్లు అరిగిపోయేయండి. కొత్తవి వేయించేయండి" అన్నాడు బాబ్జీ, ఎంతో ఆప్యాయంగా.

నేను వాడి చెప్పుల వైపు చూశాను. మడమ దగ్గర రబ్బరు మందంగానే ఉంది.