తుపాకీకి బొట్టు

మా ఆడమ్స్‌టౌన్ దసరాకి ఏటా ఒక గార్డు వచ్చేవాడు. ఈ పరాయి దేశంలో పోలీసుని అలాగే అంటాం. తుపాకీ ఉండేది కాదు, పులిహోర తిని కబుర్లాడి వెళ్ళేవాడు. ఈసారి మనవాళ్ళ మీద దాడులు జరిగాయని పండగ జరిపే హాలు ముందు నల్ల జీపు, తుపాకులతో ఇద్దరు. నాకు ఒళ్ళు మండింది. పండక్కి వచ్చామా, సరిహద్దుకి వచ్చామా? మా పాప నా కొంగు పట్టుకుని, "అమ్మా, ఆర్ వీ ఇన్ ట్రబుల్?" అంది.

ఈలోగా మా అత్తయ్య వరసగా కార్లకి బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలుంచుతూ వెళ్ళి, చివర్న ఉన్న పోలీసు జీపుకీ పెట్టేశారు. నేను పరుగెత్తి సారీ చెప్పేలోపే ఒక గార్డు నవ్వి, ఇవెందుకని అడిగాడు. ఇవాళ మేం వాహనాలకీ ఆయుధాలకీ పూజ చేస్తామన్నాను.

"ఆ తుపాకీకీ పెట్టనా, అడుగు," అన్నారు అత్తయ్య.

అడిగాను. అతను తుపాకీ తగిలించుకున్న పట్టీ చూపించి, దానికి పెట్టమన్నాడు. అత్తయ్య శ్రద్ధగా బొట్టు పెట్టి నావైపు తిరిగారు.

"పూజ చేసిన ఆయుధాన్ని ఇవాళంతా వాడకూడదని చెప్పమ్మా."

చెప్పాను. అతను ఇక్కడివాళ్ళు సరేననే తీరులో "గ్రాండ్" అని, మా పాప తెచ్చిన పులిహోర ప్లేటుని రెండు చేతులా అందుకున్నాడు.