దిబ్బ పక్కన తవ్విన మట్టి

మట్టి పరీక్ష చేసే ఆ గదిలో పొద్దున పదింటికి ఎండ కిటికీలోంచి దిగి, బల్లమీద పాత కాగితాలపై ఆరబెట్టిన మట్టి కుప్పల మీదికి తీరిగ్గా పాకుతుంది. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది, ఒకటి బూడిద రంగుది. ముప్పై ఏళ్ళుగా ఆ బల్ల ముందు కూర్చున్న మనిషిని అందరూ మట్టాయన అనే పిలుస్తారు. ఆయనకీ ఆ పేరే ఇష్టం. పిడికెడు మట్టి అరచేతిలో పోసుకుని కళ్ళు మూసుకున్నాడంటే ఇక ఈ లోకంలో ఉండడు. ఆ చేలోనే గట్ల వెంట నడుస్తుంటాడు, పాదాలకి తడి తగులుతుంటుంది, తలమీంచి కొంగలు బారుగా పోతుంటాయి. జీతం తీసుకుని కలలు కంటాడని పక్కగది గుమస్తా వేళాకోళం. కననీయండి, మధ్యలో మీ సొమ్మేం పోయింది?

ఆ రోజు సంచి తెచ్చింది స్వయానా అక్క. రెండేళ్ళుగా ఆమె చేలో పైరు పసుపెక్కి మాడిపోతోంది. ఈసారి నేల బాగాలేదని పరీక్షలో తేలితే చేపల చెరువు తవ్వించేస్తానని బావ భీష్మించుకు కూర్చున్నాడు. ఒకసారి నిలువులోతు తవ్వాక అది మళ్ళీ చేనవుతుందా, మన పిచ్చిగానీ!

"మంచి మట్టే తెచ్చానురా తమ్ముడూ. చప్పున కాగితం రాసిచ్చెయ్" అంది అక్క.

మట్టాయన పిడికెడు తీసుకుని కళ్ళు మూసుకున్నాడు. వెచ్చటి పాక కనపడింది, లేగదూడ ఊపిరి వినపడింది. చేను మాత్రం ఎంతకీ రాలేదు.

"అక్కా, ఇది పేడదిబ్బ పక్కది కదూ?"

అక్క గతుక్కుమంది. "పిల్లని ఫొటోకి తీసుకెళ్తూ మొహం కడగమూ? అలాగే..."

ఆయనకి నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. ఈ మట్టికే కాగితం రాసిస్తే బావ నోరు మూతపడుతుంది, అక్క సంబరంగా ఇంటికెళ్తుంది. పైరు మళ్ళీ మాడుతుంది. అప్పుడు చెరువుని ఆ దేవుడు కూడా ఆపలేడు.

మధ్యాహ్నం ఇద్దరూ చేలోకి వెళ్ళారు. గట్లకీ, చెట్టునీడకీ, దిబ్బకీ దూరంగా పదిచోట్ల జానెడు లోతున తవ్వి, అంతా కలిపి, అందులోంచి సంచెడు తీసుకున్నారు. మట్టాయన కళ్ళు మూసుకున్నాడు. ఈసారి చేను వచ్చింది. వేళ్ళకి ఊపిరాడటం లేదు, నీళ్ళు ఇంకక పైనే నిలిచిపోయాయి. ఆయనకి ఏడుపొచ్చింది.

ఆరబెట్టి పరీక్ష చేస్తే అదే తేలింది. చౌడు.

కాగితం చూసి బావ ఎగిరిపడ్డాడు. "చెప్పానా! రేపే తవ్వించేస్తా."

"కింది వరసలు కూడా చదువు బావా. చౌడు జబ్బే గానీ చావు కాదు. జిప్సం చల్లి, నీళ్ళు నిలగట్టి, కాలవలోకి వదిలెయ్యాలి. తర్వాత జనుములాంటి పచ్చిరొట్ట పెంచి కలియదున్నాలి. రెండేళ్ళు పడుతుంది."

"రెండేళ్ళా! అంతకాలం ఎవడు చూస్తూ కూర్చుంటాడయ్యా?"

"నేను కూర్చుంటా" అంది అక్క. "చేలో తెల్లపొర మొదట్లోనే చూశాను. మీ కంటపడితే ఎక్కడ తవ్వించేస్తారోనని పొద్దున్నే వెళ్ళి కాళ్ళతో చెరిపేసేదాన్ని. రెండేళ్ళు దాని జబ్బు దాచింది నేను. ఆ రెండేళ్ళూ నేనే చూసుకుంటా."

బావ ఆమె పాదాలవైపు చూశాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"జిప్సం ఎక్కడ దొరుకుతుందోయ్?" అని బావమరిదిని అడిగాడు.