లాలీపాప్ మనిషిని అమ్మమ్మ నిలదీసిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లోకి అనుమానం అనేది అమ్మమ్మతో పాటే విమానం దిగి వచ్చింది. అంతకుముందు మాకా అలవాటు లేదు. ఆస్ట్రేలియాలో కొండ మీదుండే టూవూంబా అనే ఊళ్ళో వీధి తలుపు దగ్గరగా వేసేసి బజారుకు వెళ్ళొచ్చేవాళ్ళం. ఇప్పుడు మా పిల్లలు నన్ను అప్పుడే ముసలమ్మల్లో జమకట్టేసి "మీ కాలంలో" అంటున్నారు కాబట్టి, సరే, మా కాలం సంగతే చెబుతాను.

రెండువేల సంవత్సరం వచ్చేస్తోందని కంప్యూటర్ల వాళ్ళందరూ హడలిపోతున్న రోజులవి. నాన్న ఆ పని మీదే బ్రిస్బేన్‌లో ఉండి, వారాంతాల్లో ఇంటికి వచ్చేవారు. అమ్మ ఆస్పత్రిలో నర్సు, అన్నీ రాత్రి డ్యూటీలు. నన్ను చూసుకోవడానికి ఈస్టర్ సెలవుల్లో నిడదవోలు నుంచి అమ్మమ్మ దిగింది. కంప్యూటర్లు సంవత్సరంలో చివరి రెండంకెలే చూసి, రెండువేలను పంతొమ్మిది వందలనుకుంటాయని నాన్న చెబితే ఆవిడ పకపకా నవ్వింది. "సగం చూసి మిగతాది ఊహించేసుకుంటాయా! మా ఆడపడుచు నయం" అంది. సెలవులు అయిపోయేవరకూ అదే మాట చెప్పుకుని నవ్వుకున్నాం.

సెలవులయ్యాక బడి తెరిచిన రోజు నేను ఒక్కదాన్నే నడుచుకుంటూ ఇంటికొచ్చాను. అమ్మ డ్యూటీ చేసొచ్చి లోపల నిద్రపోతోంది. అమ్మమ్మ నా సంచీలోంచి టిఫిన్ డబ్బా తీస్తుంటే, దాంతోపాటు ఈస్టర్‌కి అక్కడ పిల్లలకిచ్చే చాక్లెట్ గుడ్డొకటి, బంగారు రంగు కాగితం చుట్టింది, బయటపడింది.

"ఇదెవరిచ్చారే?"

"లాలీపాప్ మ్యాన్."

"ఎవడే వాడు?"

"రోడ్డు మీద ఉంటాడు అమ్మమ్మా. డైలీ మా కోసం వెయిట్ చేస్తాడు."

అమ్మమ్మ చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. "వెయిట్ చేసి?"

"కార్లు ఆపుతాడు."

"ఆపి?"

"మేం వెళ్ళిపోతాం."

"ఎక్కడికే వెళ్ళిపోయేది? ఓసి నీ అమ్మ కడుపు చల్లగుండా! లాలీపాప్‌లు పెడతాడా మీకు?"

"నో అమ్మమ్మా, హీ హాజ్ ఓన్లీ వన్. చాలా పెద్దది."

నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. బడి దగ్గర రోడ్డు దాటించే మనిషి చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర గుండ్రటి ఎర్ర పలక ఉంటుందనీ, అది చూడ్డానికి లాలీపాప్‌లా ఉంటుంది కాబట్టే ఆ ఊళ్ళో అందరూ అతన్ని అలా పిలుస్తారనీ చెప్పడానికి నా దగ్గర తెలుగు లేదు. అసలు చెప్పాలని కూడా తోచలేదు. అమ్మమ్మకు మాత్రం చాక్లెట్లిచ్చి పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు కళ్ళముందు ప్రత్యక్షమయ్యాడు.

ఆవిడ ఆ గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. వాసన చూసింది. ఆఖరికి పీట మీద పెట్టి అప్పడాల కర్రతో ఒక్కటిచ్చింది. పైపెంకు పగిలింది. లోపల ఏమీ లేదు. ఈస్టర్ గుడ్లు లోపల బోలుగానే ఉంటాయని ఆవిడకేం తెలుసు! ఆ బోలు గుడ్డే ఆవిడకు పెద్ద సాక్ష్యమైపోయింది. "చూశావా, లోపలుండాల్సింది ఏదో తీసేశాడు. ఊరికే ఎవడిస్తాడే ఇంత చాక్లెట్టు?" అంది. ఆ పెంకులన్నీ కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. ఎంత మంచి చాక్లెట్టో!

అమ్మకు చెబితే ఉద్యోగం మానేసి కూర్చుంటుందని అమ్మమ్మ భయం. అందుకని అమ్మ డ్యూటీకి వెళ్ళాక, ఊరికి ఆ చివరనుండే యూనివర్సిటీ లెక్చరరు గారి భార్యకు ఫోన్ చేసింది. రోడ్డు మీద ఒకడు కార్లు ఆపి పిల్లలకు చాక్లెట్లు పంచుతున్నాడని చెప్పింది. అవతల ఆంటీ గొంతు నాక్కూడా వినిపించేంత పెద్దదైంది. "పిన్నిగారూ, మీరు వాడి జోలికి వెళ్ళకండి. నేను స్కూల్‌కి ఒక్క కాల్ చేస్తాను చాలు, ఇంక వాడు మళ్ళీ ఆ రోడ్డు మీద కనబడితే ఒట్టు!"

అమ్మమ్మ ఒప్పుకోలేదు. "వద్దమ్మా, ఇంకా నేను వాడి మొహమే చూళ్ళేదు. మొహం చూడకుండా మనిషి మీద మాట వేస్తే, రేపు ఆ మాట తప్పయితే ఎవరు తీస్తారు? నేను చూసి చెబుతాను, అందాకా ఆగు" అంది. రెండ్రోజులు ఆగుతాను, అంతకుమించి ఆగనని ఆంటీ గట్టిగానే చెప్పి ఫోన్ పెట్టేసింది.

మర్నాడు నన్ను ఆ దారిన పోనివ్వలేదు. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని వెనక వీధిలోంచి తీసుకెళ్ళింది. అక్కడ మమ్మల్ని దాటించేవాళ్ళెవరూ లేరు. కొండ దిగబోయే లారీలు ఆ మలుపులోనే వేగం అందుకుంటాయి. ఒకటి హారన్ కొట్టుకుంటూ మా మీదికే వచ్చినట్టు వచ్చి, అమ్మమ్మ చీరకుచ్చెళ్ళు ఎగరగొట్టి పోయింది. అమ్మ బాబోయ్ అనుకుంటూ ఇద్దరం గట్టున కూలబడ్డాం. ఆ తప్పు కూడా అమ్మమ్మ లాలీపాప్ మనిషి ఖాతాలోనే వేసింది.

అనుమానం జలుబులాంటిది, నాకూ అంటుకుంది. క్లాసులో మిగతావాళ్ళు సెలవుల ముందు చేసుకున్న ఈస్టర్ టోపీలకు అంటించిన ఈకలు పీకుతూ కూర్చుంటే నేను అతని గురించే ఆలోచించాను. నా పేరు అతనికెలా తెలుసు? నా టోపీ లోపల అమ్మ రాసిన పేరును ఎప్పుడు చూశాడు? జేబులో ఎప్పుడూ ఏదో గలగలమంటుందెందుకు? ఎండ లేనప్పుడు కూడా ఆ కళ్ళు చికిలించి ఎవర్ని చూస్తాడు? నిన్నటిదాకా నాకు ఇష్టమైన మనిషి, ఒక్క రాత్రిలో అడుగడుగునా దొంగలా కనిపించసాగాడు.

ఆ తర్వాతి రోజు పొద్దున్నే టూవూంబాకు మామూలుగా పట్టే మంచు పట్టింది. అమ్మమ్మ చీర మీద నాన్న కోటు తొడుక్కుని, చేతిలో గొడుగు పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆ క్రాసింగ్ దగ్గర పొద చాటున నిలబడింది. మంచులోంచి ముందు ఎర్ర పలక కనిపించింది, తర్వాత మనిషి. తెల్లటి గడ్డం, మోకాళ్ళదాకా మేజోళ్ళు.

"ఆ చేతిలో కర్రేంటే?"

"అదే లాలీపాప్, అమ్మమ్మా."

ఆవిడ నా వైపు చూసింది, పలక వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది. అంతలో పశువుల్ని తీసుకెళ్ళే లారీ ఒకటి వచ్చింది. అతను కర్ర అడ్డం పెట్టి రోడ్డు మధ్యకు నడిచాడు. అంత లారీ బుస్సుమని ఆగింది. పిల్లలు గోల చేసుకుంటూ దాటిపోయారు. అమ్మమ్మ కోటు గుండీ పెట్టుకుంది. "సరే, లాలీపాప్ సంగతి తేలింది. గుడ్డు సంగతి తేలాలి" అంది.

బడి గంట కొట్టారు. పిల్లలందరూ లోపలికెళ్ళిపోయారు. అయినా అతను కదల్లేదు. కర్ర ఆనించుకుని మా వీధి వైపే చూస్తూ నిలబడ్డాడు. అమ్మమ్మ వేళ్ళు నా భుజంలోకి దిగాయి. "మన వీధినే చూస్తున్నాడు. అందరూ వెళ్ళిపోయాక ఇంకా ఎవరికోసమే?" నేను ఆవిడ కోటు పట్టుకుని లాగాను. ఇంటికి పోదాం అన్నాను. ఆవిడ గొడుగు బిగించి పట్టుకుని పొదలోంచి బయటికొచ్చేసింది.

నన్ను మధ్యలో నిలబెట్టింది. "నేనన్నది అన్నట్టు చెప్పు. ఊరూ పేరూ తెలీని మనిషివి, మా పిల్లకి తినేవి ఎందుకు పెట్టావు, నీ మనసులో ఏముంది, ఇప్పుడు ఎవరికోసం కాపు కాశావు, అని అడుగు." నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఎగ్ ఇచ్చినందుకు మా అమ్మమ్మ థాంక్స్ చెబుతోందన్నాను. అమ్మమ్మ ఊరుకుంటుందా! "అంత పొడుగు మాటకి ఇంత పొట్టి ఇంగ్లీషేంటే? నా మాటలో నీ పంచదార కలపకు. మొత్తం చెప్పు" అంది. కళ్ళనీళ్ళతో మొత్తం చెప్పాను.

అతను కర్రను కంచెకు చేర్చి, టోపీ తీసి, నా వైపు చూపించి ఏదో అన్నాడు. అందులో ఒక్క మాట అమ్మమ్మ పట్టేసింది. "క్రూక్ అన్నాడు! నేను విన్నాను. నా మనవరాలు దొంగా?" మా తాతయ్య కోర్టు గుమస్తాగా చేసిన మనిషి, ఆ ఇంగ్లీషు మాట మా అమ్మమ్మకు బాగా తెలుసు. గొడుగు గాల్లోకి లేచింది.

"కాదమ్మమ్మా! ఇక్కడ క్రూక్ అంటే ఒంట్లో బాగోలేదని. నిన్నట్నుంచి నేను కనబళ్ళేదుగా, సిక్ అయ్యానేమోనని... నా కోసమే లేటుగా ఉంటున్నాడట. నేను ఒక్కదాన్నే దాటాల్సి వస్తుందేమోనని."

గొడుగు మెల్లగా కిందికి దిగింది. మా వీధి వైపు అతను చూసిన చూపు మేం పొదలోంచి చూసిందే, ఏమీ మారలేదు. మారింది మేము.

అప్పుడు అతనన్న మాటలు నేను ఒక్కటి కూడా తగ్గించకుండా తెలుగులో చెప్పాను. గుడ్డు ఇవ్వడం తనదే పొరపాటు, పిల్ల చేతికి కాదు, పెద్దవాళ్ళని అడిగి ఇవ్వాల్సింది. మీ నాన్‌కి నాకు కోపం రాలేదని చెప్పు, మొహం మీదే అడిగింది, అలాంటి నాన్ ఉన్న పిల్లకు భయం లేదు. నాన్ అంటే అక్కడ అమ్మమ్మ. రొట్టె అనుకుంటుందేమోనని అది కూడా విడమరిచి చెప్పాను.

అమ్మమ్మ కోటు సర్దుకుంది. "ఇదీ చెప్పు. నేను తప్పుగా అనుకున్నాను. దొంగవనుకున్నాను. ఫోన్‌లో ఇంకొకరితో కూడా అన్నాను, ఆవిడకి ఈ రోజే నిజం చెబుతాను. అడిగినదాన్ని నేనే, క్షమించమని అడిగేదాన్నీ నేనే. మొత్తం చెప్పు, ఇందులో కూడా ఏమీ తగ్గించకు." ఈసారి నాకు ఏడుపు రాలేదు. ఒక్క మాట కూడా వదలకుండా చెప్పాను.

ఆ సాయంత్రమే ఆంటీకి ఫోన్ చేసి, చాక్లెట్ మనిషెవరో, తాను ఎంత పొరబడిందో అమ్మమ్మ నా ముందే చెప్పింది. మర్నాడు అతనికి జంతికలు తీసుకొచ్చింది. అతను ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి, ముళ్ళన్నీ పరిశీలించి, వాసన చూశాడు. నోట్లో పెట్టుకోడే! అమ్మమ్మ పడీపడీ నవ్వింది. "చూశావా, ఇప్పుడు ఆయన వంతు!" అంటూ అదే జంతిక సగం విరిచి తాను కరకరా నమిలి చూపించింది. అప్పుడు మిగతా సగం అతను తిన్నాడు. ఇంకోటి అడిగాడు కూడా.

నేనిప్పుడు పెర్త్‌లో కానింగ్ వేల్‌లో ఉంటున్నాను. మొన్న ఈస్టర్ సెలవులయ్యాక మా పిల్లల బడి దగ్గర బూడిదరంగు కారులో ఎవరో రోజూ కూర్చుంటున్నాడని తల్లిదండ్రుల గ్రూపులో ఒకటే మెసేజ్‌లు. ఫొటో పెట్టారు. కారు నంబరు పెట్టారు. అందరూ చదివి అందరూ భయపడ్డారు, ఒక్కరూ వెళ్ళి అడగలేదు. నాకూ అనుమానం వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. అమ్మమ్మ నుంచి వచ్చిన ఆస్తి కదా, ఎక్కడికి పోతుంది? కానీ ఆ ఆస్తితో పాటే ఇంకొకటి కూడా ఇచ్చి వెళ్ళింది ఆవిడ. జంతికల డబ్బా తీసుకుని, పట్టపగలు, అందరూ చూస్తుండగా వెళ్ళి కారు అద్దం తట్టాను. మీరెవరు, రోజూ ఇక్కడెందుకు కూర్చుంటున్నారని పంచదార కలపకుండా అడిగాను. మోకాళ్ళ నొప్పులున్న ఒక తాతగారు, గేటు దగ్గర చోటు దొరకదని మనవడి కోసం ముందే వచ్చి కూర్చుంటున్నారు. గ్రూపులో మీ గురించి ఇలా అనుకున్నాం, నేను కూడా అనుకున్నాను, క్షమించండి అని చెప్పి డబ్బా మూత తీశాను. ఆయన లోపలికి అనుమానంగా చూశారు.

ముందు నేనే ఒకటి విరిచి నోట్లో వేసుకున్నాను.