అక్రోట్లు కొట్టిన రివాల్వర్

ఎమిల్ హ్రబోవ్‌స్కీ ఇంటి కింది గదిలో, బాయిలర్ పక్కన, ఒక చెక్క బీరువా ఉంది. అందులో ఆకుపచ్చ గుడ్డ మీద పాత పోలీసు రివాల్వర్లు పడుకుని ఉంటాయి. కొత్తగా మెరిసేది ఒక్కటీ లేదు. అలాంటిది అతనికి అక్కర్లేదు.

రివాల్వర్ ఎక్కడ అరిగిందో చూస్తే దాన్ని మోసినవాడెలాంటివాడో తెలుస్తుందంటాడు. గొట్టం చివర నీలి మెరుగు పోయి ఉక్కు తెల్లగా బయటపడిందంటే, తోలు ఒరలో పెట్టుకుని ఏళ్ల తరబడి వీధులు నడిచినవాడు. పిడి మీద ఒకే చోట గీతలున్నాయంటే కారులో కూర్చుని బెల్టు బకిలుకి రాసుకున్నవాడు. పిడి చుట్టూ తుప్పు చుక్కలుంటే చేతులు చెమర్చేవాడు, అంటే భయస్తుడు. ఆ మాట చెప్పేటప్పుడు ఎమిల్ నవ్వడు. అతని సొంత రివాల్వర్ నిండా ఆ చుక్కలే.

హార్లన్స్ ఫెర్రీలో అందరి తండ్రుల్లాగే అతని తండ్రీ నది ఒడ్డున ఉక్కు మిల్లులో పనిచేశాడు. కొడుకు మిల్లుకి పోకుండా పోలీసుల్లో చేరితే కొన్నాళ్లు మాట్లాడలేదు. సమ్మె రోజుల్లో పోలీసులు ఎటువైపు నిలబడ్డారో ఆయన మరిచిపోలేదు. ఎమిల్‌కి జోడీగా లియో సాబోని వేశారు. లియో వయసులో పెద్దవాడు, ఎడమచేతి వాటం, మాట తక్కువ. ఇద్దరూ మిల్లు గేటు నుంచి వంతెన దాకా నడిచేవారు, మళ్లీ వెనక్కి నడిచేవారు. తాగి పడిపోయినవాళ్లని ఇళ్లకి చేర్చేవారు. షిఫ్టు మొదట్లో ఆయుధాలు తనిఖీ చేసేటప్పుడు ఒకరి నంబరు ఒకరు పైకి చదవాలి. అలా లియో రివాల్వర్ నంబరు ఎమిల్ నోటికి పట్టేసింది.

అన్నేళ్ల ఉద్యోగంలో ఆ రివాల్వర్ చేసిన పెద్ద పని అక్రోట్లు కొట్టడం. క్రిస్మస్ ముందురోజు డ్యూటీ పడితే ఇద్దరూ భోజనానికి లియో ఇంటికి వెళ్లేవారు. లియో భార్య ఐరీన్ అక్రోటు రొట్టెలు చుడుతూ ఉండేది. లియో బెల్టు విప్పేవాడు, తూటాలు తీసి సాసరులో పోసేవాడు, రివాల్వర్ తిరగేసి పిడి అడుగుతో కాయలు పగలగొట్టేవాడు. దేవుడు పుట్టే వేళ ఇంట్లో ఆ ఇనుప ముక్కేమిటని ఐరీన్ తిట్టేది. ఆ పిడీ అక్రోటు చెక్కదే, కాబట్టి ఇది అక్రోట్ల ఇంటి వ్యవహారం, పోలీసులం మనం తలదూర్చకూడదనేవాడు లియో. అతను చేసిన హాస్యం ఆ ఒక్కటే. ఏటా అదే.

ఒక చలికాలం ఇంటి ముందు మంచు తోస్తూ లియో కుప్పకూలి చనిపోయాడు. మరుసటి ఏడు డిపార్ట్‌మెంటుకి ఆటోమేటిక్ పిస్తోళ్లు వచ్చాయి. పాతవాటిని పెట్టెలకెత్తి ఒక వ్యాపారికి ఇచ్చేశారు. కావాలన్నవాళ్లు ముందే తమ తమవి కొనుక్కున్నారు. ఎమిల్ తనది కొనుక్కున్నాడు. లియోది అడగడానికి మనిషి లేడు. ఐరీన్‌కి ఆ దుఃఖంలో ఏ స్పృహా లేదు. ఎమిల్‌కి తట్టేసరికి పెట్టె ఊరు దాటింది.

అప్పటినుంచి తుపాకుల సంత ఎక్కడ జరిగినా వెళ్లాడు. వెతికేది దొరక్క, దొరికినవి తెచ్చుకున్నాడు. బీరువా అలా నిండింది.

ఈ శరదృతువులో ఐరీన్ చూపు బాగా మందగించింది. ఫొటోల్లో లియో మొహం కంటికి ఆనడం లేదని ఒకరోజు కాఫీ పోస్తూ ఎమిల్‌తో మామూలుగా చెప్పింది. చేత్తో పట్టుకునేది ఏదైనా ఉంటే బాగుండేదంది. ఆ పూట ఎమిల్ కాఫీ సగంలో వదిలేసి ఇంటికొచ్చాడు.

డిసెంబరు మొదట్లో పక్క ఊరి ఫైర్‌స్టేషన్ హాల్లో సంత పెట్టారు. చర్చి ఆడవాళ్లు ఒక మూల క్యాబేజీ నూడుల్స్ వడ్డిస్తున్నారు. డేల్ రఫ్నర్ బల్ల దగ్గర ఎమిల్ ఆగాడు. డేల్ ఎప్పటినుంచో తెలిసిన అమ్మకందారు, పాతవాటికి మెరుగు పెట్టడం అతని సరదా. నల్లద్రాక్షలా నిగనిగలాడుతున్న రివాల్వర్ ఒకటి తీసి చేతిలో పెట్టాడు.

"మీ ఊరిదే సార్జెంట్. వచ్చినప్పుడు చూడాల్సింది, తుప్పు ముద్ద. నేనే రుద్ది, కొత్తగా నీలం ఎక్కించా."

ఎమిల్ తిరగేసి నంబరు చూశాడు. పైకి చదవలేదు.

లియోదే. కానీ అంచులన్నీ గుండ్రంగా అరిగిపోయాయి. ఊరి ముద్ర ఉందా లేదా అన్నట్టుంది. గొట్టం చివర తోలు ఒర గీసిన తెల్లటి చోటు లేదు. పిడికి ఎర్రటి కొత్త చెక్కలు బిగించి ఉన్నాయి. పట్టుకుంటే ఎవరిదైనా కావచ్చు. దీన్ని ఐరీన్ చేతిలో పెడితే మర్యాదకి అవునంటుంది. అతను రివాల్వర్‌ని బల్ల మీద పెట్టేశాడు.

"పాత చెక్కలేం చేశావ్?"

"ఆ డబ్బాలో ఉండాలి. అడుగంతా నలిగిపోయింది. ఎవడో వెధవ సుత్తిలా వాడినట్టున్నాడు."

"వాడాడు," అన్నాడు ఎమిల్.

అది బిస్కెట్ల రేకు డబ్బా, నిండా విడిచిన పిడి చెక్కలు. ఎమిల్ కళ్లతో కాదు, బొటనవేలితో వెతికాడు. కుడిచేతి వాళ్ల పిడికి కుడి చెక్క అరుగుతుంది. చాలాసేపటికి నున్నగా అరిగిన ఎడమ చెక్క వేలికి తగిలింది. అడుగున నొక్కులు. దాని జోడు మరింత కిందెక్కడో ఉంది. కుడి చెక్క లోపలివైపు ఫ్యాక్టరీవాళ్లు కొట్టిన నంబరు చెక్కుచెదరలేదు. ఈసారి పైకి చదివాడు.

"మరి గన్నో? నంబరు అదే కదా," అన్నాడు డేల్.

"అదే. కొత్తది కావాలన్నవాళ్లకివ్వు."

చెక్కలు ఊరికే తీసుకుపొమ్మన్నాడు డేల్. ముసలాడికి మతి చలించిందనుకున్నాడో ఏమో, భుజం తట్టి పంపాడు.

ఐరీన్ వంటింట్లో పిండి కలుపుతోంది. ఎమిల్ రుమాలు విప్పి చెక్కలు ఆమె అరచేతిలో పెట్టాడు, ఏమిటో చెప్పలేదు. ఆమె చేయి తుడుచుకోలేదు. వేళ్లు ఎడమ చెక్క మీద కాసేపు తిరిగి, అడుగుకి దిగి, నొక్కుల దగ్గర ఆగిపోయాయి. గిన్నెలో పిండికి పొర కట్టింది.

"మిగతాదేది?"

"ఎవరో కొత్తది చేసేశారు."

"పోనీలే. తుపాకీతో నాకేం పని." ఆమె నొక్కులని మళ్లీ తడిమింది. "ఎన్నిసార్లు చెప్పానో ఆయనకి. సుత్తి సొరుగులోనే ఉంది, తీసుకో అని. విన్నాడా? రొట్టెలో పెంకులు ఏరలేక చచ్చేదాన్ని."

చెక్కలు ఏప్రన్ జేబులో వేసుకుని, అక్రోట్ల గిన్నె ఎమిల్ వైపు తోసింది.

"ఈ ఏడు నువ్వు కొట్టు."

ఎమిల్ సొరుగు లాగాడు. సుత్తి పిడికి దుకాణంవాళ్ల ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది.