అప్ప తిన్న నెత్తళ్లు

ఆ రోజుల్లో లోకంలోని ప్రతి దుఃఖానికీ నా దగ్గర ఒక ఉపన్యాసం ఉండేది. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతుండగానే ట్రైనీగా చేరాను. సాయంత్రాలు గాజువాకలో హేతువాద సభలకు పోయేవాణ్ణి (నలుగురు చేరితే చాలు, గొంతు దానంతటదే పెరిగేది). అలాంటప్పుడే జాలరిపేటలో మా అప్ప, అంటే పెద్దక్క, చేపల గంప దించుతూ కాలు జారి పడింది. ఆ చిన్న పాటుకే తుంటి ఎముక విరిగింది. ఎముకలు గుల్లబారాయన్నాడు డాక్టరు. అప్ప కోరిక ఒక్కటే, మళ్లీ లేచి బేరానికి వెళ్లడం.

నేను మంచం పక్కన నిలబడి మొదలుపెట్టాను. కాల్షియం ఇటుకలాంటిది, ఒట్టి ఇటుకలతో గోడ నిలవదు, మెగ్నీషియం కావాలి, జింకు, రాగి, మాంగనీసు చిటికెడు చిటికెడైనా పడాలి, అన్నీ కలిస్తేనే ఎముక అన్నాను.

"ఏటిరా, నా ఒంట్లో మేడ కడతన్నావా?" అంది అప్ప.

అవన్నీ ఎందులో దొరుకుతాయని బావ అడిగాడు. ముళ్లతో సహా నమిలే చిన్న చేపలు నెత్తళ్లు, చోళ్లు (అంటే రాగులు), నువ్వులు, ఆకుకూరలు అన్నాను. నెత్తళ్లు అప్ప ఏళ్ల తరబడి అమ్మినవే. ఇంట్లో వండితే మొదట బావకు, తర్వాత పిల్లలకు. ఆమెకు మిగిలేది పులుసు నీళ్లు. దాన్ని మా వాళ్లు మంచితనం అనేవారు. నేను ఆకలి అంటాను.

ఆ మధ్యాహ్నం బావే నెత్తళ్లు వేయించాడు (సగం మాడ్చాడు). అప్ప మంచం మీది నుంచే పంపకం మొదలుపెట్టి, తనకు ఆకలి లేదంది. నాకు ఒళ్లు మండింది. ఆమె తినేదాకా ఇంట్లో ఎవరూ ముట్టడానికి వీల్లేదని సమ్మె ప్రకటించాను. పిల్లలు నన్ను పగవాడిలా చూశారు.

"మగోళ్ల ముందర ఎలా తింతాన్రా, సిగ్గు గాదా?" అంది.

బావ పీట తిప్పి గోడకేసి కూర్చున్నాడు. పిల్లల్నీ తిప్పాడు. నావైపు చూశాడు. నేనూ తిరిగాను. మా వీపుల వెనక ముళ్లు కరకరలాడాయి. "బాగున్నాయిరా," అంది చాలాసేపటికి.

అప్పట్నుంచీ రోజూ ఆమే ముందు తిన్నది. కానీ ఏళ్లపాటు చిటికెడు చిటికెడుగా అందవలసినవి నెలల్లో అందవు. అప్ప మంచం దిగకుండానే పోయింది. ఆ సంగతి నేను ఏ సభలోనూ చెప్పలేకపోయాను.

ఇప్పుడు ఎవరింటికి భోజనానికి వెళ్లినా వడ్డించే ఆవిడ కూర్చునేదాకా ముద్ద ఎత్తను. ఈ ముసలాయనతో అన్నం చల్లారిపోతోందని వాళ్లు గొణుగుతారు. నిజమే, చల్లారుతుంది. నవ్వుకుని అదే తింటాను.