చెత్తబుట్టలోకి పోయిన గీతలు

ఆ మానసిక వైద్యశాలలో బొమ్మల గది చూసుకునే ఆయమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రోజుకు మనిషికి ఒక్క కాగితమే అంటే ఒక్కటే. రెండోది పెద్ద డాక్టరు అడిగినా దక్కదు. రోగులు వేసిన బొమ్మల్ని ఇరవై ఏళ్లుగా బీరువాలో దాచింది ఆవిడే. దాచమని ఎవరూ చెప్పలేదు. నాలుగు నెలల్లో రిటైరయ్యే ఆవిడకు ఆ బీరువాయే ప్రాణం.

ఒక పరిశోధకురాలు వచ్చి, దాన్ని తెరిపించుకుని కూర్చుంది. కళ్లజోడు, బోలెడంత ఓపిక ఉన్న అమ్మాయి. ప్రతి బొమ్మ మీదా పేరు కనబడకుండా అట్టముక్క అంటించి, ఎవరు వేశారో తెలియని ముగ్గురి చేత విడివిడిగా మార్కులు వేయించింది. ముందే తెలిస్తే చూసే కన్ను పక్షపాతం చూపిస్తుందట. ఆయమ్మకు నవ్వొచ్చింది గానీ, ఫలితం విన్నాక పొంగిపోయింది. ఇక్కడ బొమ్మలు వేసినవాళ్లలో దాదాపు అందరి చెయ్యీ రానురాను కుదురుకున్నట్టు తేలింది. ఈ బొమ్మలు పుస్తకంగా వస్తాయని పెద్ద డాక్టరు అన్నాడు.

వేసినవన్నీ ఇవేనా అని ఆ అమ్మాయి మొదటి రోజే అడిగింది. ఇవేనని ఆయమ్మ తడుముకోకుండా చెప్పేసింది.

నిజానికి ఆవిడ పద్ధతి వేరు. సాయంత్రం ఊడ్చేటప్పుడు చూడముచ్చటైనవి బీరువాలోకి, ఉత్త గీతలు చెత్తబుట్టలోకి వెళ్లేవి. గీతలు తప్ప ఇంకేమీ వెయ్యనివాళ్లు ఆ బీరువాలో లేనే లేరు.

ఒక మధ్యాహ్నం, అందరూ డ్రైవరు అని పిలిచే ఒక రోగి చెల్లెలు వచ్చింది. ఆ డ్రైవరు ఆరేళ్లుగా వార్డులోనే ఉన్నాడు, నోరు విప్పడు. అన్నయ్య వేసింది ఒక్కటి చూపిస్తారా అని ఆమె అడిగింది. పరిశోధకురాలు బీరువా అంతా వెతికినా ఒక్కటీ దొరకలేదు.

"అసలు వెయ్యడేమోలెండి," అని చెల్లెలు వెళ్లిపోయింది.

అదే గదిలో, ఆ సాయంత్రం కూడా డ్రైవరు కాగితం నిండా గీతలు గీసి, నాలుగు మడతలు పెట్టి, తానే తీసుకెళ్లి చెత్తబుట్టలో వేశాడు. ఎన్నాళ్ల నుంచో అంతే. పని తప్పుతోంది కదా అని ఆయమ్మ ఊరుకునేది. ఆ అలవాటు అతనికి ఎవరిని చూసి అబ్బిందో ఆవిడకు ఇప్పుడు తట్టింది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

చెబితే పుస్తకం రాదు, ఇరవై ఏళ్ల పేరు పోతుంది. అయినా మర్నాడు పొద్దున్నే పరిశోధకురాలి ముందు నిలబడింది.

"నేను అబద్ధం చెప్పానమ్మా. నాకు నచ్చనివన్నీ పారేశాను. డ్రైవరువి ఒక్కటీ ఉంచలేదు."

ఆ అమ్మాయికి కోపం వచ్చింది, దాచుకోలేదు కూడా. తేల్చిన ఫలితం ఇక చెల్లదని ముఖాన్నే చెప్పింది. కాసేపటికి, ఇంకా ఎన్ని నెలల సర్వీసుందని అడిగింది. ఆ రోజు నుంచి పద్ధతి మారింది. ఒక్క కాగితమూ పారెయ్యకూడదు. వెనకాల నంబరు, తేదీ, వేసిన మనిషి అన్న మాట అన్నట్టే రాయాలి.

ఆయమ్మ చెత్తబుట్టను వరండాలో పెట్టేసింది. డ్రైవరు మడిచిన కాగితంతో దానికోసం వెతుక్కుంటుంటే చెయ్యి చాపింది. అతను ఆ చేతిని చాలాసేపు చూసి, ఇచ్చాడు. మడతలు విప్పి, అతని ఎదుటే "ఒకటి" అని వేసి, కింద "ఏమీ అనలేదు" అని రాసింది.

పదిహేడో రోజున కాగితం మడత లేకుండా వచ్చింది.

"ఇది ఎన్నోది?" అన్నాడు డ్రైవరు.

ఆయమ్మ కాగితం వెనక్కి తిప్పి నంబరు వేసింది. "పదిహేడోది నాయనా. అంతకుముందువి నేనే పారేశాను. తప్పు నాదే."

డ్రైవరు చెయ్యి చాపాడు.

"సరే. ఇంకో కాగితం ఇవ్వు."

ఆయమ్మ రెండు ఇచ్చింది.