మా తాత చెప్పి వచ్చిన చట్టం

పుంగనూరులో నేను హైస్కూలు పిల్లలకు సోషల్ చెబుతాను. ఒక ఆదివారం పొద్దున ఇంటి వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు గురించి ఒక ప్రశ్న ఇచ్చాను. ఒక అమ్మాయి ‘చట్టం వచ్చింది కాబట్టి బానిసలందరూ ఇళ్లకు వెళ్లిపోయారు’ అని రాసింది. నవ్వొచ్చి పైకి చదివాను.

పక్కన వేరుశనక్కాయలు ఒలుస్తున్న మా తాత చెయ్యి ఆపాడు.

“ఏం సట్టం పాపా అది?”

చెప్పాను. మొదటి చట్టంలో ఈస్టిండియా కంపెనీ ఏలుతున్న మన దేశాన్ని వదిలేశారని, పద్దెనిమిది వందల నలభై మూడులో ఇక్కడికీ ఒకటి తెచ్చారని, ఫలానా మనిషి నా సొత్తు అని ఎవరైనా వస్తే కోర్టు వినకూడదన్నదే అందులో ముఖ్యమైన మాట అని.

“అంటే నేను పుట్టకముందే.”

“మీ తాత కూడా పుట్టుండడు.”

“మరి మాకు యాల సెప్పలేదు?”

అని తన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు.

మా తాత ఎనిమిదేళ్లప్పుడు పెద్దపంజాణి దగ్గర ఒక పెద్ద రైతు ఇంట్లో జీతానికి కుదిరాడు. కుదిరాడనడం తప్పు. వాళ్ల నాయన అక్కడే జీతగాడు. ఆయన నడుం పడిపోతే కొడుకును తెచ్చి నిలబెట్టారు. పద్నాలుగేళ్లు ఆ ఇంటి ఎద్దులను చూసుకుంటూ కొట్టంలోనే పడుకున్నాడు. మానేస్తానని చెప్పే పద్ధతి ఆ ఇంట్లో లేదు. ఒక మధ్యాహ్నం గడ్డిమోపు రోడ్డు పక్కన దించి, కుప్పం పోయే లారీ ఎక్కాడు. అక్కడ రాతి క్వారీలో పనిచేశాడు, పెళ్లి చేసుకున్నాడు, మా నాయనను చదివించాడు. వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. అయినా చెప్పకుండా వచ్చేశానన్నది ఆయన మనసులో తప్పుగానే ఉండిపోయింది. ఇదంతా నేను ఆ రోజే మొదటిసారి విన్నాను.

ఆ రైతుకు ఇప్పుడు వందకు దగ్గర పడ్డాయి. మదనపల్లెలో కొడుకు దగ్గర ఉన్నాడని మా తాతకు తెలుసు. “పోయి సెప్పొస్తాం రా” అంటూ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇద్దరం బస్సెక్కాం.

టమోటా మార్కెట్టు దాటాక ఆ ఇల్లు. కోడలు తలుపు తీసింది.

“మీ మామ ఇంట్లో ఎద్దులు సూసుకుంటా ఉంటినమ్మా” అన్నాడు మా తాత.

ఆమె కొంచెం ఆగి, లోపలికి పిలిచి ఇద్దరికీ కుర్చీలు వేసింది. నేను కూర్చున్నాను. తాత నిలబడే ఉన్నాడు. మంచం మీది పెద్దాయన కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు. ఉన్నట్టుండి ముఖం వెలిగింది.

“రే, యాడికి పోయినావురా ఇంతసేపు? ఎద్దులకు నీళ్లు పెట్టినావా?”

తాత ఆ ఇల్లు వదిలి అరవై ఏళ్లు దాటింది. “ఆయనకు మతి లేదమ్మా, ఏమనుకోవద్దండి” అని కోడలు నాతో అంది. అప్పటికే మా తాత నీళ్లు పెట్టడానికి పోతున్నట్టు వాకిలి వైపు ఒక అడుగు వేశాడు. నేను చూశాను. అక్కడే ఆగాడు. వెనక్కి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“పెట్టనయ్యా. సట్టం ఒచ్చింది.”

“ఏం సట్టం?”

“మనిసి మనిసికి సొత్తు కాదంట. శానా కాలం కిందటే ఒచ్చిందంట.”

“ఎవురు సెప్పినారు?”

“మా మనవరాలు. టీచరు.”

పెద్దాయన నా వైపు చూసి ఆలోచించాడు. “అట్లయితే నీళ్లెవురు పెడతారు?”

“ఎద్దులే లేవు మామా” అంది కోడలు.

కాఫీ వచ్చింది. అందరికీ ఒకే రకం గ్లాసులు. పెద్దాయన చెయ్యి వణుకుతుంటే మా తాత పట్టుకోబోయి మానుకున్నాడు. కోడలే పట్టుకుంది.

బస్టాండులో తాత నన్ను అడిగాడు. “కాలు లేసి పాయె గదా, సూసినావా?”

“చూశాను తాతా.”

తలూపి పుంగనూరు బస్సెక్కాడు.

నెల తర్వాత తాత ఒక్కడే మదనపల్లె పోయి వచ్చాడు. పెద్దాయన మళ్లీ నీళ్ల సంగతే అడిగాడట, ఈయన మళ్లీ చట్టం చెప్పాడట. అప్పటినుంచి నెలకొకసారి పోయి చెప్పి వస్తున్నాడు. ఇప్పుడు కుర్చీలోంచి లేవకుండానే చెబుతున్నానంటాడు. కోడలు కాఫీ ఇస్తూనే ఉందట.